సైరన్ జోజి ఉపవాసం

కూర్మన్నపాలెంలో జోజి ఇల్లెక్కడంటే ఏ జోజి అని అడుగుతారు. సైరన్ జోజి అంటే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపిస్తారు. స్టీల్ ప్లాంటులో క్రేన్ నడుపుతాడు. ప్లాంటు సైరన్ షిఫ్టు మారినప్పుడే మోగుతుంది. జోజికి ఆ నియమం లేదు. కాఫీలో పంచదార తక్కువైతే మోగుతాడు, ఎక్కువైతే మోగుతాడు, సరిగ్గా సరిపోతే "ఇన్నాళ్లూ ఏటి రోగం?" అని మోగుతాడు.

అలాంటి మనిషి వారం రోజులుగా నోరు మూసుకుని కోపంగా ఉన్నాడంటే విషయం పెద్దదే అన్నమాట.

విషయం అతని భార్య ఎవాంజలిన్ చదువు. గాజువాకలో ఐ.టి. డిప్లొమా చదువుతోంది. జోజికి ఒళ్లు మండిపోతోంది కానీ మానెయ్యమని అనడానికి లేదు. ఎందుకంటే ఆమెను దగ్గరుండి చేర్పించింది జోజి కన్నతల్లి దీవెనమ్మ. ఎవాంజలిన్ ఆవిడకు కోడలవ్వక ముందు నుంచీ అన్న కూతురు. పైగా ఈ సంగతి చర్చిలో చెప్పినప్పుడు అందరితోపాటు జోజి కూడా చప్పట్లు కొట్టాడు. పక్కవాళ్లకంటే గట్టిగా కొట్టాడు, అదీ అతని ఖర్మ.

కంప్యూటరే కదా, నాలుగు రోజులు నొక్కి మానేస్తుందిలే అనుకున్నాడు. మానలేదు సరికదా, కవ్వళ్ల చేప తోముతూ డేటాబేస్ వల్లించడం మొదలుపెట్టింది. పులుసులో ఉప్పు మరిచిపోయినా నెట్‌వర్క్ పాఠం మరిచిపోదు. సీతమ్మధారలో ఏదో క్లినిక్కులో కంప్యూటర్ మీద కూర్చునే మనిషి కావాలట, డిప్లొమా చేతికొస్తే రమ్మన్నారట. అదీ జోజి చెవిన పడింది. ఆమె సీతమ్మధార నుంచి బస్సు దిగేసరికి చీకటి పడుతుంది. మరి తన అన్నం ఎవరు వడ్డిస్తారు?

ఇదంతా ఒక ఎత్తు, సెలవు చీటీ ఒక ఎత్తు. ప్లాంటులో సెలవులన్నీ ఫోన్లోనే పెట్టాలన్నారు. ఓ ఆదివారం మధ్యాహ్నమంతా జోజి ఫోన్‌ని తిట్టాడు, వేలితో పొడిచాడు, చివరికి మంచం మీదికి విసిరాడు. ఎవాంజలిన్ వచ్చి చీరకొంగుతో చెయ్యి తుడుచుకుని చటుక్కున పెట్టేసింది. పెట్టి ఊరుకోవచ్చుగా!

"పాస్‌వర్డ్ కింద ఎవులైనా సొంత పేరే ఎట్టుకుంటారేటి బావా?" అంది.

సరిగ్గా అప్పుడే జోజి స్నేహితుడు అప్పలసూరి గుమ్మంలో ఉన్నాడు. సోమవారానికి క్యాంటీన్ అంతటికీ జోజి పాస్‌వర్డ్ తెలిసిపోయింది.

పరువు తీసిన అప్పలసూరినే జోజి సలహా అడగడం విచిత్రమే. కానీ కోపంలో ఉన్నవాడు దగ్గర్లో ఉన్నవాణ్ణే అడుగుతాడు.

"వద్దంటే మీయమ్మ నీ వీపు సీరేత్తాది బావ," అన్నాడు అప్పలసూరి గారె నములుతూ. "వద్దనకుండా వద్దనాల."

"అదెలగరా?"

"పోయినేడు ఏటయ్యింది? మీ తమ్ముడి పెళ్లిసూపులని ఇంటినిండా సుట్టాలు. పరీక్ష నాడు సెల్లెమ్మ గారెలేపుతా ఉండిపోనాది. అలాగే పరీక్ష ముందురోజు జనాన్ని నింపీ. మాకైతే వ్రతం ఉంటాది. మీకేటుంటాది?"

జోజి కళ్లు మెరిశాయి. "కూడికుంటాది!"

గృహకూడిక అంటే చర్చివాళ్లంతా ఒకరింట్లో చేరి పాటలు పాడి ప్రార్థన చేసుకోవడం. చివర్న భోజనం. వంట ఆ ఇంటి ఇల్లాలిది. కాళ్లు లాగేదాకా నిలబడి, అంట్లు తోమి పడుకున్న మనిషి మర్నాడు పొద్దున్న పరీక్ష ఏం రాస్తుంది? దేవుడి పని కాబట్టి దీవెనమ్మ కూడా నోరెత్తడానికి లేదు. అప్పలసూరి బుర్రలో అంత వెలుగుందని జోజి ఎప్పుడూ అనుకోలేదు.

ఆదివారం ఆరాధన అవ్వగానే పాస్టరు యోహాన్ అయ్యగారి దగ్గరికి వెళ్లి వందనాలు చెప్పాడు. వచ్చే ఆదివారం సాయంత్రం మా ఇంట్లో కూడిక పెట్టుకుంటాం అన్నాడు.

"చాలా సంతోషం బ్రదర్. ఏ అంశం మీద?" అన్నారు అయ్యగారు.

జోజి బిక్కచచ్చిపోయాడు. పుట్టి పెరిగిందే ఈ చర్చిలో, ప్రార్థన అంశం లేకుండా కూడిక ఉండదని చిన్నపిల్లలకి కూడా తెలుసు. పన్నాగం పన్నే కంగారులో అదొక్కటీ మరిచాడు. పుట్టినరోజంటే కుదరదు, బాప్తిస్మాలిచ్చిన అయ్యగారికి అందరి పుట్టినరోజులూ నోటికొచ్చు. కొత్త బండి అందామంటే పాత బండి చెట్టుకింద కనిపిస్తూనే ఉంది. ఇంతలో ఎదురుగా తల్లీ పెళ్లామూ ఇటే నడిచొస్తున్నారు. భయంలో బుర్రలో ఉన్నదే నోట్లోకి వచ్చేసింది.

"మా ఎవాంజలిన్ పరీక్ష కోసం అయ్యగారూ!"

అయ్యగారి కళ్లు చెమర్చాయి. మైకు దగ్గరికి వెనక్కి వెళ్లి, భార్య చదువు కోసం కూడిక పెట్టిన భర్తని తన సేవలో ఇదే మొదటిసారి చూస్తున్నానన్నారు. ఆడవాళ్లందరూ తలతిప్పి జోజిని చూశారు. తర్వాత తమ తమ మొగుళ్లని చూశారు. మొగుళ్లందరూ జోజిని చూశారు. అందరికంటే ఆఖరుగా ఎవాంజలిన్ చూసింది. ఆ చూపులో కృతజ్ఞత మచ్చుకైనా లేదు.

ఇంటికొచ్చి బియ్యం కడుగుతూ అడిగింది. "పరీక్ష సోమారం. కూడిక ఆదివారం సాయంత్రవే ఎందుకెట్టావు బావా?"

"దగ్గర్లో అయితే దేవుడికి గుర్తుంటాదని."

"దేవుడికి మతిమరుపేటి?"

"ఏటే, మంచి సేసినా తప్పేనా ఈ కొంపలో!" అని మోగాడు జోజి.

ఎవాంజలిన్ బియ్యం గిన్నె గట్టుమీద ధనామని పెట్టింది. "మంచా? పోయినేడు నాను నూని ముందు నిలబడి గడియారం సూసుకుంటా ఏడిసినాను. ఎవులైనా అడిగినారేటి? మళ్లీ రాసుకోవే అన్నావు. నాకు పెళ్లని ఇంటర్ మానిపించినప్పుడూ మళ్లీ సదూకోవే అన్నారు. ఆ మళ్లీ వచ్చేసరికి నాకు తల నెరుత్తన్నాది. ఈపాలి కూడా పోతే పేరు కొట్టేత్తారంట. మళ్లీ మొదట్నించీ సేరాల. నాకు ఓపిక లేదు బావా. కోపం నీ ఒక్కడికే ఉంటాదనుకుంటన్నావేమో, నాకూ ఉన్నాది. నాను మోగను, అంతే తేడా."

జోజికి ఆ క్షణాన కాస్త సిగ్గేసింది. సిగ్గేస్తే అతనికి మరింత కోపమొస్తుంది. "అయితే కూడిక మానెయ్యమని అయ్యగారికి నువ్వే సెప్పు. దేవుడి పని వద్దన్నావని అందరికీ తెలుత్తాది," అన్నాడు.

ఎవాంజలిన్ అతన్ని ఎగాదిగా చూసింది. "వద్దండీ జోజి గారూ. మీరు ముచ్చటపడి పెట్టుకున్నారు. చాలా బాగా చేసుకుందాం," అంది.

చిన్నప్పటి నుంచీ 'నువ్వు' అన్న మేనమామ కూతురు 'మీరు' అన్నదంటే ప్రమాద హెచ్చరిక జెండా ఎగరేసినట్టే. తుపాను ముందు రేవులో ఆ జెండా చూసి పడవలన్నీ ఒడ్డుకొస్తాయి. జోజి మాత్రం గెలిచాననుకుని ఫ్యాను కింద పడుకున్నాడు.

శనివారం క్యాంటీన్లో గారెల కోసం చెయ్యి చాచితే వడ్డించేవాడు ప్లేటు వెనక్కి లాక్కున్నాడు.

"రేపట్నించి కదా బ్రదర్? అయినా ముందురోజు నూని సరుకు తినకండి, మంచిది కాదు," అని ఫోన్ చూపించాడు.

ఫోన్లో జోజి ఫొటో ఉంది. పెళ్లినాటి ఫొటో. వెనక ఫొటో స్టూడియో పరదా పోయి మబ్బులొచ్చాయి. తల చుట్టూ వెలుగు కూడా ఉంది. కింద రంగురంగుల అక్షరాలు: 'భార్య చదువు కోసం ఒక భర్త త్యాగం. ఎవాంజలిన్ ఉత్తీర్ణురాలయ్యే వరకు ఆదివారం కూడికకు, ఆపై ప్రతి పరీక్షకు బ్రదర్ జోజి పగలంతా ఉపవాసం. కూడికకు బిర్యానీ బ్రదర్ స్వహస్తాలతో. సోదరీమణులు వంటగదిలోకి రావద్దని మనవి.'

చర్చి గ్రూపులోంచి ప్లాంటు గ్రూపులకీ, అక్కడినుంచి ఊరంతా పాకిపోయింది. పోస్టర్లు చేయడం డిప్లొమాలో ఒక పాఠమని జోజికి ఎవరూ చెప్పలేదు. ఇంటికి పరిగెత్తుకొచ్చి ఎవాంజలిన్ మీద విరుచుకుపడ్డాడు.

"నానెప్పుడు మొక్కుకున్నానే ఉపవాసం?"

"మొక్కుకోలేదా? అయ్యో. అయ్యగారికి మా ఆయన సిగ్గుపడి సెప్పలేదని సెప్పేశానే. లేదని నువ్వే ఫోన్ సెయ్యి. పెళ్లాం కోసం తిండి మానలేనని సెప్పు. అందరికీ తెలుత్తాది," అంది, అతని మాటే అతని చేతికిచ్చి.

జోజి ఫోన్ తీశాడు. అయ్యగారి పేరు దాకా వెళ్లాడు. మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

ఆదివారం పెరట్లో ఇటుకల పొయ్యి పెట్టాడు. దీవెనమ్మ కుర్చీ వేసుకుని కొడుక్కి కాపలా కూర్చుంది. ఉల్లిపాయలు తరుగుతుంటే కన్నీళ్లు, పొగకి కన్నీళ్లు, ఆకలికి కన్నీళ్లు. ఏది దేనివల్లో తెలీడం లేదు.

"అమ్మా, ఉప్పు సూడాల గదే, ఒక్క ముక్క..."

"నోరు ముయ్యరా. ఉపవాసం. నాను సూత్తాను," అని దీవెనమ్మ లెగ్ పీసు తీసి చూసింది. సరిగ్గా తెలియలేదని ఇంకోటి చూసింది.

సాయంత్రం చర్చి చర్చంతా దిగింది. ఎవాంజలిన్ లోపలి గదిలో తలుపేసుకుని చదువుతోంది. పిల్ల చదువుకుంటోంది, మెల్లగా పాడండి అన్నారు అయ్యగారు. అంతమంది జనం పాటలన్నీ గుసగుసగా పాడారు. చప్పట్లు కూడా వేళ్లతోనే కొట్టారు. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం గృహప్రవేశం నుంచీ లేదు.

"ఇప్పుడు దేవుడు తన ఇంట చేసిన మేలు గురించి బ్రదర్ జోజి సాక్ష్యం చెబుతారు," అన్నారు అయ్యగారు.

జోజికి కోపం నెత్తికెక్కింది. ఇదంతా మోసమని, తనకు తెలియకుండా జరిగిందని, ఇప్పుడే అందరి ముందూ మోగేద్దామని లేచాడు. "నాను... నా పెళ్లాం... నన్ను..." అన్నాడు. ఖాళీ కడుపులోంచి గొంతు పైకి రాలేదు. కళ్లు ఉల్లిపాయల దెబ్బకి ఎర్రగా వాచి కారుతున్నాయి.

జనమంతా గుసగుసగా "ఆమేన్" అన్నారు. ముందు వరసలో ఇద్దరు ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

బిర్యానీ అద్భుతంగా కుదిరిందని అందరూ అన్నారు. జోజికి తెలిసే దారి లేదు. ఉపవాసం విడిచేవేళకి గిన్నెలో బిర్యానీ ఆకులే మిగిలాయి.

సోమవారం పొద్దున్నే ఎవాంజలిన్‌ని బండి మీద గాజువాకలో పరీక్ష దగ్గర దింపాడు. ఆమె గేటు దాటగానే మలుపులో ఉన్న పైడయ్య టిఫిన్ బండి దగ్గరికి పారిపోయాడు.

"రెండిడ్లీ. తొందరగా. ఎవులికీ సెప్పకు."

పైడయ్య గరిటె పక్కన పెట్టి నడుం మీద చేతులేసుకున్నాడు. "బాబూ, ఆ ఫొటోలో ఉన్నది నువ్వే గదా? మొగుడంటే అలగుండాలని మా ఇంటిది మూడ్రోజులుగా నన్ను పీక్కుతింటన్నాది. నీకు ఇడ్లీ ఎడితే ఈ రేతిరి నన్ను గుమ్మం ఎక్కనివ్వదు. మంచినీళ్లు తాగి ఎల్లిపో. మా బతుకులు నాశనం సేసినావు నువ్వు."

తిరిగి గేటు దగ్గరికొచ్చి చెట్టు నీడన నిలబడితే, అక్కడ ముందే ఒకడు టిఫిన్ క్యారేజీ పట్టుకుని మొహం దాచుకుంటున్నాడు. అప్పలసూరి.

"నువ్వేటిరా ఇక్కడ?"

"మా ఇంటిది ఈశ్వరి కూడా ఇక్కడే సదువుతన్నాది బావ," అన్నాడు అప్పలసూరి నేల చూపులు చూస్తూ. "నాకెలాగూ తప్పలేదు, నువ్వైనా తప్పించుకుంటావేమోనని ఆ సలహా ఇచ్చినాను. ఇంట్లో నోరుజారి ఈశ్వరికి సెప్పేసినాను. అది సెల్లెమ్మకి సెప్పేసినాది. ఆ ఫొటో నా ఫోన్లోంచి ఊరంతా పంపినదీ అదే."

అంటే మొదటిరోజు నుంచీ ఎవాంజలిన్‌కి అంతా తెలుసు. తెలిసే 'మీరు' అంది. జోజికి ముందు అప్పలసూరి పీక పిసకాలనిపించింది, తర్వాత ఆ క్యారేజీ లాక్కోవాలనిపించింది. రెండోదే ఎక్కువ అనిపించింది.

పరీక్ష వదిలారు. ఎవాంజలిన్, ఈశ్వరి నవ్వుకుంటూ బయటికొచ్చారు. మొగుణ్ణి చూసి నవ్వు ఆపలేదు.

"బాగా రాశావా?" అన్నాడు జోజి పళ్లు నూరుతూ.

"శానా బాగా రాసినాను బావా."

"అయిపోనాది గదా. పద, ఎక్కడైనా బిర్యానీ తిందాం."

"థియరీ అయిపోనాది. ప్రాక్టికల్ రేపు."

జోజి నోరు తెరిచాడు. గేటు దగ్గర చదువుకునే ఆడవాళ్లంతా ఫొటోలోని మనిషిని గుర్తుపట్టి చేతులు జోడిస్తున్నారు. నోరు మూశాడు.

"రాత్రికి తినొచ్చులే," అంది ఎవాంజలిన్ బండెక్కుతూ. "వంట మాత్రం నువ్వే. నాను సదూకోవాల. నువ్వే ఆలోసించుకో బావా. ఇది పోతే మళ్లీ మొదట్నించీ సేరాల. అన్ని పరీక్షలూ మళ్లీ రాయాల. ఉత్తీర్ణురాలయ్యే వరకు అని ఉన్నాది పోస్టర్లో."

కూర్మన్నపాలెం వచ్చేదాకా జోజి ఆలోచించాడు.

చీకటి పడుతుండగా పైవాటాలో కృష్ణంరాజు గారింట్లో టీవీ సీరియల్ మొదలైంది. మరుక్షణం మెట్ల కింద సైరన్ మోగింది.

"ఏటండీ రాజు గారూ! ఇక్కడ మడిసి పరీక్షకి సదూతన్నాది! ఆ సౌండ్ తగ్గిత్తారా, నన్ను పైకి రమ్మంటారా? రేపు ప్రాక్టికల్ పోతే ఎవులు బాధ్యులు? మీరుంటారేటి ఉపవాసం?"

టీవీ ఆగిపోయింది. వీధిలో కూరగాయల బండివాడు కూడా కేక ఆపేశాడు.

"బావా, నెమ్మది. సదూకుంటన్నాను," అంది లోపలి నుంచి ఎవాంజలిన్.

జోజి పిల్లిలా వంటగదిలోకి నడిచాడు. సరిగ్గా అప్పుడే కుక్కర్ మొదటి విజిల్ వేయడానికి బుస్సుమంది. ఉలిక్కిపడి స్టవ్ ఆపేశాడు.

ఆ రాత్రి అన్నం పలుకుపలుకుగా ఉంది. కంచం ముందు కూర్చుని దీవెనమ్మ ఏమీ అనలేదు, ఎవాంజలిన్ కూడా ఏమీ అనలేదు. ఆ ఇంట్లో అన్నం బాగాలేదని మోగే మనిషి ఒక్కడే. వండింది కూడా అతనే.