పదకొండు ధ్యానపీఠాలు

కంపెనీలకు కుంగ్‌ఫూ చేసినంత మేలు కంప్యూటర్లు కూడా చేయలేదని నేను ఘంటాపథంగా చెబుతాను. నవ్వుతున్నారా? అయితే మీ మేనేజరుకు ఇంకా ఈ సంగతి తెలియలేదన్నమాట. తెలిసిన రోజున మీ తొడలే మీకు చెబుతాయి.

ఇదివరకు మా హెనాన్ రాష్ట్రంలో కుంగ్‌ఫూ నేర్చుకోవడమంటే ఏమిటి? కొన్నేళ్లు నీళ్లు మోయాలి. కొన్నేళ్లు వాకిలి ఊడవాలి. ఆ తర్వాత ఎప్పుడో గురువుగారికి దయ కలిగితే ఒక్క గుద్దు నేర్పేవారు. ఎంత కాలం వృథా! ఇప్పుడు మూడు రోజులు చాలు. శుక్రవారం మధ్యాహ్నం బస్సెక్కినవాడు ఆదివారం సాయంత్రానికి ఇనుమై దిగుతాడు, సోమవారం పొద్దున్నే డ్యూటీకి వస్తాడు. ఖర్చయిన సెలవులు ఉద్యోగివి, తయారైన ఇనుము కంపెనీది. ఇంతకంటే న్యాయమైన పంపకం ఎక్కడైనా ఉందా?

అయినా ఈ శిబిరాలను ఆడిపోసుకునేవాళ్లు ఉన్నారు. వాళ్ల కళ్లు తెరిపించడానికే యెన్ చ్యూపింగ్ సంగతి చెబుతున్నాను.

చ్యూపింగ్ షూచాంగ్ శివార్లలోని ఫ్లాస్కుల ఫ్యాక్టరీలో తనిఖీ పని చేస్తుంది. వయసు యాభై రెండు. బెల్టు మీద వచ్చే ఫ్లాస్కును ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని, వేలితో తడుతుంది. లోపలి గాజుకు వెంట్రుకంత బీట ఉన్నా ఆ చెవికి తెలిసిపోతుంది. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని, నిలబడే. ఆమెతో పాటు ఆ వరసలో మరో పదకొండు మంది ఆడవాళ్లు. ఎదురుగా బెల్టు, బెల్టుకు అవతల సున్నం వేసిన గోడ. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాళ్లు చూసే ప్రపంచం అంతే.

ఆ వరసలో చ్యూపింగ్ పక్కన నిలబడేది బావ్ యూల్యెన్. ఈమెకు కుడి మోకాలు బన్నులా ఉబ్బేది. సాయంత్రం మెట్లు దిగాలంటే గోడ పట్టుకుని ఒక్కో మెట్టు దిగేది. స్నేహితురాలి అవస్థ చూడలేక చ్యూపింగ్ పన్నెండు స్టూళ్లు కావాలని అర్జీ పెట్టింది. కూర్చుంటే చురుకుదనం తగ్గుతుందని జవాబు వచ్చింది. రెండోసారి పెడితే, పరిశీలనలో ఉందన్నారు. మూడోసారి డాక్టరు చీటీ కూడా జతచేసింది. దానికి జవాబే రాలేదు. బహుశా ఇంకా చదువుతున్నారేమో! డాక్టర్ల చేతిరాత అలాంటిది మరి.

ఇంతలో కంపెనీ డైరెక్టరు గెంగ్ గారికి జ్ఞానోదయమైంది. ఏదో సెమినార్‌కి వెళ్లొచ్చి, ఉద్యోగులకు కావలసింది సౌకర్యం కాదు, సంకల్పమని ప్రకటించారు. కష్టాన్ని అన్నంలా తినగలిగేవాడే మనిషి అన్నారు. అన్నవారు ఆ సమయంలో దేన్ని తింటున్నారో అడగకండి. నలభై మంది పేర్లతో జాబితా వేయించి, డెంగ్‌ఫెంగ్‌లో కొండ కింద ఉన్న ఒక కుంగ్‌ఫూ బడికి బస్సు కట్టించారు. తనిఖీ వరస మొత్తం ఆ జాబితాలో ఉంది.

బస్సులోనే మైకు పట్టుకుని నియమాలు చెప్పారు. రేపు పొద్దున గుర్రపు భంగిమలో పోటీ. చివరిదాకా నిలిచినవారు ఒక కోరిక కోరుకోవచ్చు. ముందుగా పడిపోయిన పదిమంది విషయంలో కంపెనీ 'సర్దుబాటు' చేస్తుంది. ఇదివరకు మనిషిని ఉద్యోగంలోంచి తీసెయ్యాలంటే ఎంత గొడవ! పనితీరు చూడాలి, నివేదిక రాయాలి, సంజాయిషీ అడగాలి. ఇప్పుడు? తొడలు తీర్పు చెబుతాయి. పక్షపాతానికి తావెక్కడ?

యూల్యెన్ కిటికీలోంచి బయటికి చూస్తోంది. అలా చూస్తూనే అంది: "నన్ను దింపేస్తే బాగుండు అక్కా. ఎలాగూ రేపు దింపుతారుగా."

"నోర్మూసుకుని ఈ గుడ్డు తిను" అంది చ్యూపింగ్. తేనీటిలో ఉడికించిన గుడ్డు ఒలిచి చేతిలో పెట్టింది.

ఆ బడిలో నేర్పే గురువుగారి పేరు ల్వాన్. డెబ్బైకి దగ్గర మనిషి. పొట్టిగా, నల్లగా, అరిగిపోయిన గుడ్డ బూట్లతో ఉంటాడు. మర్నాడు పొద్దున ఆయన నలభై మందినీ రాతి పలకల వాకిట్లో వరసగా నిలబెట్టాడు. కాళ్లు ఎడంగా, తొడలు నేలకు సమంగా, పిడికిళ్లు నడుము దగ్గర. ఊపిరి పొట్టలోకి దిగాలన్నాడు. కోపం ఉంటే ముందు అది వదలమన్నాడు, అది ఉన్నంతసేపు భుజాలు దిగవట. ఒక అగరుబత్తి వెలిగించి ఇసుక గిన్నెలో గుచ్చాడు. గెంగ్ గారు రేగుచెట్టు నీడలో పడక కుర్చీ వేయించుకుని, సంకల్పాన్ని దగ్గరుండి పరిశీలించారు.

యూల్యెన్ ముప్పై లెక్కపెట్టేలోపే పడిపోయింది. పడ్డప్పుడు చప్పుడు రానివ్వలేదు, మోచెయ్యి ఆనించుకుంది. మానవ వనరుల శాఖలో కుర్రాడొకడు రాత అట్టా పెన్నూ పట్టుకుని వచ్చి ఆమె పేరు రాసుకున్నాడు. తర్వాత గోదాము వాళ్లు, అమ్మకాల వాళ్లు, ప్యాకింగు వాళ్లు. జిమ్‌కు వెళ్లే అకౌంటెంటు నాలుగు నిమిషాలు ఆగి, ఆ తర్వాత సగం చెక్కిన బొమ్మలా వణికి కూలబడ్డాడు.

అగరుబత్తి సగం కాలేసరికి నిలిచినవాళ్లు ఇద్దరు. మూడు వంతులు కాలేసరికి ఒక్కతే.

చ్యూపింగ్ చెంపల మీదుగా చెమట గడ్డం దాకా కారి రాళ్ల మీద చుక్కలుగా పడుతోంది. ముఖంలో మాత్రం ఏమీ లేదు. ల్వాన్ గురువుగారు ఆమె చుట్టూ తిరిగి, వంగి పాదాలు చూశాడు. బరువు ఎడమ మడమ నుంచి కుడి వేళ్లకు, అక్కణ్ణుంచి మళ్లీ వెనక్కి, కంటికి ఆననంత మెల్లగా జరుగుతోంది.

"ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా?" అని అడిగాడు.

"ఫ్లాస్కుల దగ్గర" అంది చ్యూపింగ్.

ఆయన నవ్వలేదు. ఈ విద్య మా బడిలో పట్టుబడటానికి మూడేళ్లు పడుతుందని గెంగ్ గారితో అన్నాడు. గెంగ్ గారు పొంగిపోయారు. చూశారా మా ఫ్యాక్టరీ శిక్షణ అన్నారు. పద్దెనిమిదేళ్లుగా ఒక మనిషికి తను ఉచితంగా కుంగ్‌ఫూ నేర్పుతున్నానని ఆయనకు ఆ క్షణం దాకా తెలియదు. ఎంత నిగర్వి!

అగరుబత్తి ఆరింది. చ్యూపింగ్‌కు ఎర్ర పట్టీ కట్టారు, ఫొటోలు తీశారు. కోరిక ఏమిటో చెప్పమన్నారు.

"బెల్టు దగ్గరికి పన్నెండు స్టూళ్లు కావాలి డైరెక్టర్ గారూ. ఇంకేమీ వద్దు."

గెంగ్ గారు ఒక్క క్షణం అర్థంకానట్టు చూసి, తర్వాత హాయిగా నవ్వారు. "ఇంతసేపు నిలబడినదానివి, నీకు స్టూలెందుకు చ్యూపింగ్? స్టూలే వచ్చి నీ మీద కూర్చోవాలి."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నవ్వనివాళ్ల వైపు అట్టా పెన్నూ కుర్రాడు చూశాడు. వాళ్లూ నవ్వారు.

గెలిస్తే ఇంత తర్కం ఎదురవుతుందని చ్యూపింగ్ ఊహించలేదు. ముందే పడిపోయి ఉంటే పడిపోయినవాళ్లకు కోరికలుండవు. నిలబడింది కాబట్టి అవసరం లేదు. ఏ వైపు నుంచి చూసినా స్టూలు రాదు. తత్వశాస్త్రం ఎంత లోతైనదో చూడండి!

ఆ సాయంత్రం ఆమె యూల్యెన్ మోకాలికి వేడినీళ్ల గుడ్డ కట్టి, వాకిట్లోకి వచ్చింది. గురువుగారు చీపురుతో రాళ్ల మధ్య ఆకులు ఊడుస్తున్నాడు. ఇలా ఎంతకాలం నిలబడాలి అని ఆమె అడిగింది. వెటకారంగా అడగలేదు, నిజంగానే అడిగింది.

"నిలబడటం సగమేనమ్మా. మిగతా సగం కూర్చోడం. రోజూ పొద్దున్న రెండు గంటలు ధ్యానంలో కూర్చుంటాం. అది మీ ప్యాకేజీలో లేదు. ఫొటోల్లో బాగా రాదని మీ వాళ్లే తీసేయించారు."

చ్యూపింగ్ చాలాసేపు మెట్ల మీద కూర్చుని ఆలోచించింది.

ఆదివారం కొండ మీది గుహకు నడక. కుంగ్‌ఫూకు ఆదిగురువైన దామో అనే బౌద్ధ సన్యాసి అక్కడ గోడకెదురుగా తొమ్మిదేళ్లు కూర్చున్నాడని చెబుతారు. ఆయన మీ వైపు నుంచి, దక్షిణ దేశం నుంచి వచ్చినవాడే. గెంగ్ గారు గుహ ముందు నిలబడి, ఫోను కర్రకు బిగించి, దేశంలోని డీలర్లందరికీ లైవ్‌లో ఉపన్యాసం మొదలుపెట్టారు. సహనం గురించి చెప్పారు, సంకల్పం గురించి చెప్పారు. తొమ్మిదేళ్లపాటు ఫిర్యాదు అనేదే లేకుండా ఉన్న ఆ మహానుభావుడే మా తనిఖీ విభాగానికి ఆదర్శమని, నిన్నటి విజేతను ఫోను ముందుకు లాగారు. రెండు మాటలు చెప్పమన్నారు.

చ్యూపింగ్ ఫోను వైపు కాక గురువుగారి వైపు తిరిగింది.

"గురువుగారూ, ఆ తొమ్మిదేళ్లు ఆయన నిలబడ్డాడా, కూర్చున్నాడా?"

"కూర్చున్నాడమ్మా."

"మేమూ గోడకెదురుగానే ఉన్నామండీ, పద్దెనిమిదేళ్లుగా. ఇక కూర్చోడం ఒక్కటే మిగిలింది."

గెంగ్ గారు చప్పున ఫోను వైపు తిరిగారు. తెర మీద మెచ్చుకోలు బొటనవేళ్ల, ఎర్ర గులాబీల బొమ్మలు వరదలా పైకి పోతున్నాయి. ఇంత లోతైన కార్మికులున్న కంపెనీ ఫ్లాస్కులే అమ్ముతామని ఒక డీలరు రాశాడు. మీ ఫ్యాక్టరీలో ధ్యానం కూడా ఉందా అని మరొకడు. గెంగ్ గారు చదివారు. గొంతు సవరించుకున్నారు. మా తనిఖీ విభాగం ఇక కూర్చునే పనిచేస్తుందని, సరిగ్గా ఈ ప్రకటన చేయడానికే మిమ్మల్నందరినీ ఇంత ఎత్తుకు తీసుకొచ్చానన్నారు.

మూడు అర్జీలు, ఒక డాక్టరు చీటీ సాధించలేనిది ఒక్క గుహ సాధించింది. కుంగ్‌ఫూ మహిమ కాదంటారా?

మూడో వారంలో స్టూళ్లు వచ్చాయి. వాటిని స్టూళ్లు అనకూడదని సర్క్యులర్ కూడా వచ్చింది. అవి 'ధ్యానపీఠాలు'. వెనక్కి వాలడానికి వీల్లేదు, ఏకాగ్రత చెదురుతుందట. వాటికి వీపే లేదు కాబట్టి ఆ నియమాన్ని ఇంతవరకు ఎవరూ ఉల్లంఘించలేదు.

లెక్కకు పదకొండు వచ్చాయి. పన్నెండు అడిగితే పదకొండు పంపారేమని చ్యూపింగ్ స్టోరులో అడిగింది. స్టోరు మనిషి కాగితం చూపించాడు. తనిఖీ విభాగం, సిబ్బంది సంఖ్య: పదకొండు. యూల్యెన్‌ను సర్దుబాటు చేసి అప్పటికి పది రోజులైంది. ఆమె ఇప్పుడు బస్టాండు దగ్గర నూడుల్స్ కొట్లో పిండి పిసుకుతోంది. నిలబడే.

ఆ చలికాలంలో గెంగ్ గారికి 'మనిషే కేంద్రంగా నిర్వహణ' అనే బహుమతి ఇచ్చారు. పెద్ద హాలు, పూల గంపలు, ముందు వరసలో మెత్తటి సోఫాలు. కుంగ్‌ఫూ తత్వం గురించి కార్మికుల తరఫున మాట్లాడటానికి చ్యూపింగ్‌ను పిలిచారు. ఒకటిన్నర పేజీ ఉపన్యాసం ఆఫీసువాళ్లే రాసిచ్చారు.

ఆమె కాగితం విప్పింది, చూసింది, మళ్లీ మడిచింది.

"నాకు తత్వం తెలీదండి. యూల్యెన్‌కి మోకాలు నొప్పి అని చెప్పాను. అప్పుడే స్టూలిచ్చుంటే తను ఇంకా నా పక్కనే ఉండేది."

హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. గెంగ్ గారు అందరికంటే గట్టిగా కొట్టారు. ఆమె ఏమందో ఎవరూ వినలేదని అపోహ పడకండి. ఆమె మాట ఆపగానే చప్పట్లు కొట్టాలని పొద్దున్నే రెండుసార్లు రిహార్సల్ చేయించారు.