నాంచారమ్మ ఇంటికి దారి

ఒక పెద్ద అడవిలో నీళ్ళు తక్కువ, కమిటీలు ఎక్కువ. నీళ్ళు ఎండాకాలంలో తగ్గేవి. కమిటీలు ఏ కాలంలోనూ తగ్గేవి కావు.

ఆ అడవికి అధ్యక్షుడు ఎలుగుబంటి, భల్లం దొర. ఆయన ఒకసారి పక్క అడవికి చుట్టపుచూపుగా వెళ్ళి, అక్కడ ఒక దుమ్ములగొండి గుహ ముందు పూలతోటనీ, ఆ తోట మధ్యలోంచి గుహ దాకా పరిచిన గులకరాళ్ళ దారినీ చూసొచ్చాడు. వచ్చినప్పటి నుంచి ఆయనకి తేనె కూడా సయించలేదు. మర్నాడే సభ పెట్టి, మన అడవిలో ప్రతి ఇంటికీ ఆ ఇంటికి తగ్గ తోట, ఆ తోటకి తగ్గ దారి ఉండి తీరాలన్నాడు. నెల తిరిగేసరికి కొండ మీది అడవి నుంచి ఏనుగులు పరిశీలనకి వస్తాయనీ, ఏ అడవి అందమైనదో అవే తేలుస్తాయనీ చెప్పాడు.

అప్పటికే మడుగులో నీళ్ళు మోకాటి లోతుకి దిగిపోయాయి. "ఇన్ని తోటలకి నీళ్ళు ఎక్కణ్ణుంచి తెస్తామండీ?" అని ఒక దుప్పి అడిగింది. వెంటనే ఆ దుప్పిని నీళ్ళ కమిటీలో వేశారు. అది మళ్ళీ ఏమీ అడగలేదు.

పని మొదలైంది. చెట్ల మీది గూళ్ళకి దారి ఎలా వెయ్యాలా అని తర్జనభర్జనలు పడి, చివరికి చెట్టు మొదలు దాకా రాళ్ళు పరిచి 'ఇక్కడి నుంచి ఎగరవలెను' అని బోర్డు పెట్టారు. గబ్బిలాల ఇంటి ముందు తోటని తలకిందులుగా వెయ్యాలా వద్దా అనే దాని మీద నాలుగు రోజులు చర్చ జరిగింది. మాకు అసలు ఇళ్ళే లేవని కోతులు రాసిచ్చి బయటపడ్డాయి. ఇళ్ళు లేవు కాబట్టి తీరిక ఉంటుందని, వాటి చేతికి ఆనపబుర్రలు ఇచ్చి తోటలకి నీళ్ళు మోసే పనిలో పెట్టారు.

ఇక మన నాంచారమ్మ సంగతి. నాంచారమ్మ తాబేలు. వయసు ఎనభై దాటింది. ఏటా మడుగులో నల్లరాయి బయటపడగానే బయల్దేరి, పడమటి దిక్కున ఉన్న ఏటికి నడిచి వెళ్ళిపోయేది. ఎనిమిది రోజుల నడక. మళ్ళీ వానలు పడ్డాకే రావడం. ఈ ప్రయాణంలో ఆలస్యం పనికిరాదు. ఆమె అక్క ఒక ఏడు రెండు రోజులు ఆలస్యంగా బయల్దేరి, దారిలోనే డిప్పగా మిగిలిపోయింది. నాంచారమ్మ ఏటా ఆ డిప్ప పక్కనుంచే వెళ్ళేది. అక్కడ కాసేపు ఆగి కదిలేది.

ఆ ఏడు కూడా నల్లరాయి బయటపడింది. నాంచారమ్మ బయల్దేరి ఇరవై బారలు నడిచిందో లేదో, ఎదురుగా ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది. గృహశోభ ఆఫీసరు ఏకపాదయ్య. రెండో కాలు ఎప్పుడు దింపుతాడో ఆయన కింద పనిచేసేవాళ్ళకి కూడా తెలీదు.

"ఎక్కడికమ్మా?"

"ఏటికి బాబూ."

"మీ ఇల్లెక్కడ?"

"ఇదిగో, వీపు మీద."

ఏకపాదయ్య ఒంటికాలి మీదే గెంతుతూ ఆమె చుట్టూ తిరిగి చూసి, ఆకు మీద రాసుకున్నాడు. సొంత ఇల్లు. ఒకటే గది. గుమ్మటం కప్పు. పెంకులు బాగున్నాయి.

"గుమ్మం ఎటు?"

"నా తల ఎటుంటే అటే."

"అంటే ఇప్పుడు పడమటికుంది. అది కుదరదు. గుమ్మాలన్నీ తూర్పుకే ఉండాలని అధ్యక్షులవారి ఆజ్ఞ. గంగులూ, ఇల్లు తిప్పు."

గంగులు అడవిపంది. తవ్వకం పనులన్నీ వాడివే. "ఏమనుకోకు పెద్దమ్మా" అంటూ ముట్టెతో ఒక్క నెట్టు నెట్టాడు. నాంచారమ్మ తూర్పుకి తిరిగిపోయింది. ఏరు వెనక్కి పోయింది.

ఇంతలో తోటల రూపకర్త వచ్చాడు. నెమలి, పేరు పింఛాల రాయుడు. నాంచారమ్మ డిప్పని తల ఒకవైపు వాల్చి చూశాడు, రెండోవైపు వాల్చి చూశాడు. ఆమె ముఖం మాత్రం చూడలేదు.

"గోధుమరంగు ఇల్లు, మీద పసుపు గళ్ళు. చుట్టూ తంగేడు పూలైతే కలిసిపోతాయి. ముందు గరిక. పెద్దబాట నుంచి గుమ్మం దాకా తెల్ల గులకరాళ్ళ దారి, మూడు వంపులు."

"వంపులెందుకు నాయనా? తిన్నగా వేస్తే తొందరగా వెళ్ళొచ్చు కదా" అంది నాంచారమ్మ.

"దారి ఉన్నది వెళ్ళడానికి కాదమ్మగారూ" అన్నాడు రాయుడు జాలిగా. "చూడ్డానికి."

మూడు రోజుల్లో తోట వేసేశారు. తూర్పున పెద్దబాట దగ్గర మొదలైన దారి మూడు వంపులు తిరిగి సరిగ్గా నాంచారమ్మ ముక్కు కింద ఆగింది. కోతులు బుర్రలతో మడుగు నీళ్ళు తెచ్చి పూలకి పోస్తుంటే ఆమె మెడ చాచి రెండు చుక్కలు నాకబోయింది. "తోట నీళ్ళు తోటకే" అన్నాడు ఏకపాదయ్య. ఒక తంగేడు పువ్వు నమిలింది. అది కూడా ఆకు మీద రాసుకున్నాడు.

నాంచారమ్మ ఆలోచించింది. ఎదురుగా దారి ఉంది కదా, దీని మీదే పెద్దబాట దాకా పోయి, అక్కణ్ణుంచి చుట్టు తిరిగి ఏరు చేరదామనుకుంది. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నడిచింది. పది బారలు సాగింది. ఈలోపు కేకలు మొదలయ్యాయి.

"దారి పది బారలు తక్కువైంది" అంటూ ఏకపాదయ్య ఎగిరొచ్చి వాలాడు. "ఇల్లు దారి మీదికి వచ్చేసింది. ఇది ఆక్రమణ."

"ఇల్లు రాలేదు బాబూ, నేనొచ్చాను."

"మీరు రావచ్చమ్మా, ఎవరు వద్దన్నారు? ఇల్లు అక్కడ పెట్టి రండి."

ఆక్రమణ నోటీసు తుమ్మజిగురుతో ఆమె డిప్పకే అంటించారు. తన ఇంటి మీది నోటీసు తానే చదువుకోలేని వాళ్ళలో నాంచారమ్మ మొదటిది. గంగులు ఆమెని మళ్ళీ పాత చోటికి నెట్టుకొచ్చాడు. పూటంతా నడిచిన నడక క్షణంలో పోయింది.

రెండు రోజులకి భల్లం దొర స్వయంగా తోటలు చూడ్డానికి వచ్చాడు. నాంచారమ్మ మెడ ఎంత సాగుతుందో అంతా సాచి మొరపెట్టుకుంది.

"దొరా, మడుగు ఎండిపోతోంది. గొంతు తడారిపోతోంది. నన్ను ఏటికి పోనివ్వండి."

"నీది నమూనా ఇల్లమ్మా" అన్నాడు దొర. "నాలుగు వైపుల నుంచీ చూడ్డానికి వీలైన ఇల్లు మన అడవిలో ఇదొక్కటే. ఏనుగులు ముందు దీన్నే చూస్తాయి."

"దాహం బాబూ."

"దాహం వేసినప్పుడల్లా తోట చూడు. చల్లగా ఉంటుంది."

అందరూ తలలూపారు. నాంచారమ్మ మాత్రం తల లోపలికి లాక్కుంది. లోపల చీకట్లో ఆమెకి అక్క డిప్ప గుర్తొచ్చింది. నిజం చెప్పాలంటే ఆ పూట ఆమె ఏడ్చింది. గుమ్మం మూసుకుని ఏడ్చింది కాబట్టి ఎవరికీ తెలీలేదు.

మర్నాడు పింఛాల రాయుడు తన పనితనం చూసి తనే మురిసిపోయి, నాంచారమ్మ ముక్కు ముందు ఒక్కసారిగా పురి విప్పాడు. ఆమె ఉలిక్కిపడి ఒక అడుగు వెనక్కి వేసింది.

దారి చివరికీ ఆమె ముక్కుకీ మధ్య జానెడు ఖాళీ ఏర్పడింది.

అందరూ ఆ ఖాళీని చూశారు. ఏకపాదయ్య నిబంధనల ఆకులు గబగబా తిరగేశాడు. "ముందుకొస్తే ఆక్రమణ. పక్కకి తిరిగితే గుమ్మం దోషం. వెనక్కి జరిగితే..." అంటూ ఒక ఆకు దగ్గర ఆగాడు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "దారి కోసం స్థలం వదలడం. ఇంటివాళ్ళు తమంతట తాము స్థలం వదిలిన సంఘటన ఈ అడవిలో ఇంతవరకూ లేదు. గంగులూ, దారి జానెడు పొడిగించు. అమ్మగారి పేరు అభినందనల్లో రాయండి."

గంగులు జానెడు తవ్వి రాళ్ళు పరిచాడు. నెట్టింది లేదు, నోటీసు లేదు. నాంచారమ్మ ఆ రాళ్ళకేసి చూసింది, ఏకపాదయ్యకేసి చూసింది. ఎనభై ఏళ్ళలో ఎన్నడూ రాని ఆలోచన ఒకటి ఆమెకి వచ్చింది.

ఇంకో అడుగు వెనక్కి వేసింది.

"ఇంకా వదులుతున్నారు" అన్నాడు ఏకపాదయ్య కొత్త ఆకు తీస్తూ.

అలా మొదలైంది. నాంచారమ్మ ముఖం తూర్పుకి పెట్టుకుని పడమటికి నడుస్తోంది. ఆమె ముక్కు ముందు గంగులు తవ్వుతున్నాడు, కోతులు రాళ్ళు పరుస్తున్నాయి, రెండు పక్కలా తంగేడు మొక్కలు నాటుతున్నారు. వెనక ఏముందో ఆమెకి కనిపించదు కాబట్టి నడక అటూ ఇటూ పోయేది. ఆ వంకరలన్నీ దారి వంపులయ్యాయి. మూడు వంపులు కాస్తా పదిహేడయ్యాయి. రాయుడు ఆనందం పట్టలేక, ఇవన్నీ తన ఊహలోనివేనని అందరికీ చెప్పుకున్నాడు.

నాలుగో రోజున మడుగు పూర్తిగా ఎండిపోయింది. ఆ కబురు తెచ్చిన కోతి చేతిలో బుర్ర ఖాళీగా ఉంది. ఆ సాయంత్రం గంగులు తవ్వుతూ తవ్వుతూ నాంచారమ్మ చెవి దగ్గరికి వచ్చాడు.

"పెద్దమ్మా, నువ్వు ఏటికే పోతున్నావు కదూ?"

నాంచారమ్మ ఇంకో అడుగు వెనక్కి వేసింది.

"నేనెవరికీ చెప్పనులే. కొంచెం ఎడమకి తిరుగు. అటు నుంచి తడి వాసన వస్తోంది."

ఏడో రోజు తెల్లవారేసరికి ఆమె కుడిపక్కన ఒక పాత డిప్ప కనిపించింది. ఏటా దాని దగ్గర కాసేపు ఆగి, దాటేసి వెళ్ళిపోయేది, అంతే. ఈసారి వెనక్కి నడుస్తోంది కాబట్టి అది రోజంతా కళ్ళ ముందే ఉండి, మెల్లమెల్లగా చిన్నదైంది. ఆ డిప్పలో పూలమొక్క పెడితే బాగుంటుందని రాయుడన్నాడు. గంగులు వినిపించుకోకుండా దారిని దాని పక్కనుంచి తిప్పి వేశాడు.

తర్వాతి రోజుల్లో ఆమె గరిక మీద పడ్డ మంచు నాకి బతికింది. కాళ్ళు వణికేవి. ఆగితే దారి ఆగిపోతుంది, దారి ఆగితే తన పని అయిపోతుందని తెలుసు. పన్నెండో రోజు పొద్దున ఒక అడుగు వెనక్కి వేస్తే తోకకి చల్లగా తగిలింది. ఇంకో అడుగు వేసింది. వెనక కాళ్ళు తడిశాయి. నాంచారమ్మ ప్రాణం లేచొచ్చింది. ముఖం తూర్పు నుంచి ఏమాత్రం తిప్పకుండా ఏట్లోకి జారి, మెడ వంచి, కడుపారా తాగింది.

పరిశీలన రోజు రానే వచ్చింది. అడవిలో తోటలన్నీ మాడి మసైపోయాయి. ఏటి తడి తగిలి చివర్లోనైనా పచ్చగా ఉన్నది నాంచారమ్మ దారి ఒక్కటే. కొండ మీది ఏనుగులు ఆ దారి పట్టుకుని, పదిహేడు వంపులూ తిరిగి, ఏటి గట్టు మీద ఆగాయి. వాటి వెనక భల్లం దొర, ఆయన వెనక దుప్పులు, కుందేళ్ళు, కోతులు, అందరూ నాలుకలు బయటపెట్టి ఎగరొప్పుతూ వచ్చారు.

"దారి చాలా బాగుంది" అంది పెద్ద ఏనుగు. "ఇల్లేది?"

ఏకపాదయ్య ముక్కుతో ఏటి మధ్యకి చూపించాడు. నీళ్ళలో గోధుమరంగు గుమ్మటం తేలుతోంది. గుమ్మం తూర్పుకే ఉంది. మళ్ళీ స్థలం వదిలారని నసిగి, దారి పొడిగించమని గంగులుతో అన్నాడు. గంగులు ఏట్లో నాలుగు గులకరాళ్ళు వేశాడు. అవి బుడుంగుమని మునిగిపోయాయి.

భల్లం దొర ఈ గొడవేమీ పట్టించుకునే స్థితిలో లేడు. ఆయన కళ్ళకి నీళ్ళు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. కాలు ముందుకి వెయ్యబోతే ఏకపాదయ్య అడ్డం నిలబడ్డాడు.

"క్షమించాలి దొరా. ఇది ఇంటి దారి. ఇంటివాళ్ళు పిలవందే లోపలికి పోకూడదని తమరి సంతకమే ఉంది."

అధ్యక్షుడూ, పరిశీలకులూ, అడవి అడవంతా ఆ గులకరాళ్ళ మీద వరసగా నిలబడి, ముసలి తాబేలు ముఖం వంక చూశారు.

"నాంచారమ్మగారూ" అన్నాడు భల్లం దొర. గారు అనడం ఆయనకి అదే మొదటిసారి. "దాహం."

నాంచారమ్మ మెడ చాచి ఆయన్ని కాసేపు చూసింది.

"తోట చూడండి బాబూ" అంది.

ఎలుగుబంటి తల వేలాడేసింది. ఆ తల చూస్తే నాంచారమ్మకి ఎందుకో తన అక్క గుర్తొచ్చింది. మనసు ఉండబట్టలేదు.

"సరే, రండి, తాగండి. కాకపోతే నా గుమ్మంలోకి ఎవరొచ్చినా ముఖం తూర్పుకి పెట్టుకునే రావాలి. నిబంధన మీదే కదా."

ముందు భల్లం దొర తూర్పుకి తిరిగి నిలబడి, వెనక కాలు మెల్లగా ఏట్లోకి దింపాడు. ఆయన తర్వాత ఏనుగులు, ఆ తర్వాత కమిటీల సభ్యులు. ఏకపాదయ్య ఆ రోజు రెండో కాలు దింపాడు. గంగులుని మాత్రం నాంచారమ్మ తిన్నగా రమ్మంది.

మొదటి బహుమతి ఆ దారికే వచ్చింది. ఆ అడవిలో ఈనాటికీ అందరూ వెనక్కి నడిచే నీళ్ళకి పోతారు, ఎందుకని ఎవరూ అడగరు. అడిగిన దుప్పిని నడక కమిటీలో వేశారు.

నీతి: ముందుకి పోవాలనుకునేవాళ్ళు, ముఖం ఆఫీసు వైపు పెట్టుకుని వెనక్కి నడవాలి.