బరువు తగ్గిన భీముడు

ఆ ఉదయం ఏకాంబరం కడుపునిండా ఇడ్లీలు తిని, భీముడి పద్యాలు ఒకసారి వల్లెవేసుకుని, అంగడి తెరుద్దామనుకున్నాడు. ఇడ్లీల దగ్గరే పేచీ వచ్చింది. భార్య మునిలక్ష్మి నెయ్యిగిన్నెను ఉట్టి మీద పెట్టేసింది.

"చుక్క నెయ్యికి ఇంత రాద్ధాంతమా?"

"చుక్క యాడిది? గరిటెడు! డాక్టరు ఏం చెప్పినాడో మర్సిపోయినావా?"

"మర్సిపోలేదు. ఏం చెప్పినాడే?"

ఒళ్లు పెరిగితే రక్తపోటు పెరుగుతుందని, అది మెదడులోని రక్తనాళాలను దెబ్బతీస్తుందని, ఈ మతిమరుపుకు బరువు కూడా ఒక కారణం కావచ్చని తిరుపతి డాక్టరు చెప్పాడు. రైసుమిల్లు కాటా మీద ఏకాంబరం నూటపది కిలోలు తూగాడు.

బరువు మాటెలా ఉన్నా, మరుపు మాత్రం పరువుకే ఎసరు పెట్టింది. పుత్తూరు దగ్గరి ఆ పల్లెలో ఏటా ద్రౌపదమ్మ గుడి ముందు భారతం ఆడతారు. పన్నెండేళ్లుగా ఏకాంబరమే భీముడు. కిందటేడు బకాసురుడి ఎదుట గద ఎత్తి, పద్యం మరిచిపోయి, "తరవాత ఏందప్పా?" అని బకాసురుణ్ణే అడిగాడు. ఉత్సవం పెద్ద అతని సొంత అన్న మునిరామయ్య. "ఈసారి ఒక్క పద్యం తప్పినా గద, భీముడి వేషానికి కాచుకోనుండే సుందరరాజు చేతికి పోతాది" అని నట్టింట్లో నిలబడి చెప్పేశాడు.

గద కోసం ఏకాంబరం నెయ్యి వదిలాడు. తలకాయంత సంగటి ముద్ద నిమ్మకాయంతయింది. అయిదు నెలల్లో ఇరవై రెండు కిలోలు తగ్గాడు. నలభై పద్యాలూ నాలుక మీదికి వచ్చాయి. అది బరువు తగ్గినందుకో, ఆకలి మరవడానికి పొద్దస్తమానం వాటినే వల్లెవేసినందుకో తెలియదు.

బకాసుర వధ నాడు వేషం కడితే నడుము మీద నిలవలేదు. పక్కింటి నాగులమ్మ ఎగాదిగా చూసింది. "ఈయన భీముడా, నకులుడా?"

మునిలక్ష్మి ఒక తలగడ సంచిలో సగానికి దూది కుక్కి, మొగుడి పొట్టకు కట్టి, పైన మూతి తెరిచి వదిలేసింది. ఆ రోజు భీముడు ఎద్దుల బండెక్కి వీధివీధీ తిరగాలి. ప్రతి ఇంటివాళ్లూ అన్నం పెడతారు. వద్దంటే ఆ ఇంటిని అవమానించినట్టే.

"ముద్ద నోటికి ఆనించు, మిగిలింది సంచిలోకి జార్చు. సాయంత్రం కోళ్లకు ఏస్తాం" అంది.

మూడో వీధి దాటేసరికి పొట్ట పెరగడం జనం కంటపడింది.

"సూడండే! తినేకొద్దీ పెరగతా ఉండాది!"

ముచ్చటపడి ఒకటికి రెండింతలు పెట్టారు. నాగులమ్మ గుండిగెడు పొంగలి తెచ్చింది. పొద్దు వాలేసరికి, తగ్గిన ఇరవై రెండు కిలోలూ సంచిలోకి తిరిగి వచ్చాయి.

గుడి ముందు యుద్ధం మొదలైంది. ఏకాంబరం ముప్ఫై తొమ్మిది పద్యాలు తప్పు లేకుండా పాడాడు. నలభయ్యోది ఎత్తుకోగానే బకాసురుడి వేషంలో ఉన్న రాజారత్నం, ఏటా చేసినట్టే, తలతో పొట్టలో కుమ్మాడు.

సంచి పగిలింది. వడలు, పొంగలి, పులిహోర వరదలా బయటపడ్డాయి.

"భీముడి పొట్ట పగిలిపోయెరో!"

అది విని బకాసురుడు చావాల్సిన సమయానికి ముందే మూర్ఛపోయాడు. విరిగిన ఎముకలకు పుత్తూరు కట్లు కట్టే ఆదిమూలం వెదురుబద్దలతో పరిగెత్తుకొచ్చి ఏకాంబరాన్ని పడుకోబెట్టాడు. గద పోతుందన్న భయంతో ఏకాంబరం పడుకునే నలభయ్యో పద్యం పాడసాగాడు.

"మతి గూడా పోయినట్టుండాది పాపం, ఏందో పలవరిస్తా ఉండాడు" అని నాగులమ్మ కళ్లొత్తుకుంది.

ఆదిమూలం పక్కటెముకలు తడిమాడు. వేళ్లకు అంటింది వాసన చూశాడు. "ఎముకలు బాగానే ఉండాయప్పా. ఇది పులిహోర."

ఆ రాత్రి ఇంటిల్లిపాదీ భోజనానికి కూర్చున్నారు. మునిరామయ్య సగం అన్నం తినేశాడు. ఏకాంబరం ఆగలేకపోయాడు.

"అన్నా, నలబై పద్యాలూ..."

"పద్యాలు ఎవురికి కావల్లరా? పొట్ట పగిలింది సూడు, అదీ భారతమంటే! పక్కూరోళ్లు గూడా మెచ్చుకుంటా ఉండారు. వచ్చే ఏడూ నువ్వే భీముడివి. పద్యం రాకపోయినా ఫర్వాలేదు, పొట్ట మాత్రం పగలాల."

"సంచి నేను కుడతాలే బావా" అని మునిలక్ష్మి బావగారి విస్తట్లో మాత్రం నెయ్యి వడ్డించింది.

ఆ ఏడు భీముడు ఒక్క పద్యం కూడా మరిచిపోలేదన్న సంగతి ఊళ్లో ఒక్కరికీ గుర్తులేదు.