సోలైమలై పేర్చిన అమ్మవారు

ఆ పొద్దున సోలైమలై వేసుకున్న పథకం చాలా చిన్నది. కోవిల్‌పట్టి రంపం మిల్లులో కోయించి తెచ్చిన వేపపలకల్ని ఇంటి పక్క ఖాళీ జాగాలో పద్ధతిగా పేర్చడం, స్నానం చేసి, తిని, పడుకోవడం. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేసి చేసి రిటైరైన మనిషి. చేతికి పని లేక అల్లాడుతుంటే, గాలివానకు దొడ్లో వేపచెట్టు పడి పుణ్యం కట్టుకుంది.

"ఈ తడవన్నా ఊంజలు వస్తాదా?" అని గుమ్మంలోంచి అడిగింది భార్య చెల్లమ్మాళ్. వసారాలో ఉయ్యాల బల్ల వేయిస్తానని పెళ్ళైన కొత్తలో మాటిచ్చాడు. ఆ కొత్తకు ముప్పై ఏళ్ళు నిండాయి.

"ఒక ఏడాది ఓర్చుకో. పచ్చిచెక్కతో చేస్తే వంకరపోతాది. నీడ ఉండల్ల, గాలి ఆడల్ల, చుక్క నీళ్ళు తగలకూడదు."

"ఒక్క పలక చెడినా అన్నిట్నీ పొయ్యిలో పెడతా. చూసుకోండి."

సోలైమలై రెచ్చిపోయాడు. ఇటుకల మీద ఎత్తుగా, పలకకూ పలకకూ మధ్య గాలి ఆడేలా పుల్లలు పెట్టి పేర్చాడు. కొనలు ముందు ఆరి పగలకుండా వాటికి రంగు పూయాలి. ఊరిపెద్ద ఇరుళప్పన్ దగ్గర గుడి గోడకు చారలు వేయగా మిగిలిన డబ్బాలు రెండు దొరికాయి. ఎరుపు చాలక ఒక వరస ఎరుపు, ఒక వరస తెలుపు వేశాడు. పలకలు వంగకుండా పైన ఏడు నల్లరాళ్ళు బరువు పెట్టాడు. ఎండ తగలకుండా చెల్లమ్మాళ్ పాత పసుపు చీర కప్పాడు. అటు తిరిగి, ఇటు తిరిగి చూసుకుని మురిసిపోయి, టార్పాలిన్ కొందామని కోవిల్‌పట్టి బస్సెక్కాడు.

ఆ వైపు ఊళ్ళల్లో వేపచెక్క, ఎరుపు తెలుపు చారలు, ఏడు రాళ్ళు, పసుపు చీర ఒక్కచోట చేరితే దాన్ని పలకల దొంతర అనుకునేవాడు ఎవడూ ఉండడు. సోలైమలై ఒక్కడే అనుకున్నాడు.

సాయంత్రం బస్సు దిగేసరికి ఇంటి ముందు జాతరలా ఉంది. రాళ్ళన్నిటికీ కుంకుమ బొట్లు. ఏళాయిరంపన్నై నుంచి టపాకాయల పనివాళ్ళను తెస్తున్న వ్యాను రోడ్డు పక్కనే ఆగి ఉంది. దాంట్లోంచి దిగిన ఆడవాళ్ళు కళ్ళు మూసుకుని మొక్కుతున్నారు.

పక్కింటి పాండియమ్మాళ్ ఎదురొచ్చింది. "మావా, ఏడుగురు కన్నెమ్మ తల్లులూ ఈ ఏడు రాళ్ళయి నీ కలలో వచ్చి ఈడ నిలబెట్టమన్యారంటనే! మాకు ఒక మాట చెప్పకుంటివే!"

నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. అప్పుడే పలకల మీదికి వంగుతున్న పసుపునీళ్ళ బిందె కంటబడింది.

"నీళ్ళు పొయ్యొద్దు!" అని గొంతు చించుకుని అరిచాడు. కాళ్ళూ చేతులూ వణికాయి. కళ్ళు ఎర్రబడ్డాయి. బిందె ఆగిపోయింది.

"అమ్మ పలికినాది!" అంది పాండియమ్మాళ్. ఊరంతా చేతులు జోడించింది. వ్యాను దిగిన ఒక ముసలామె కళ్ళు తుడుచుకుని, "రేపు ఆ మందుగుండు పనికి ధైర్యంగా పోతాను సామీ" అంది. ఆమె ముందు నిజం చెప్పడానికి సోలైమలైకి మనసు రాలేదు. పైగా ఆ బిందె వెనక ఇంకా పదకొండు బిందెలు వరసలో ఉన్నాయి.

అదే గొంతుతో అందుకున్నాడు. "నాకు నీళ్ళు వద్దు! దగ్గర దీపం వద్దు! నీడ కావల్ల! గాలి కావల్ల!"

మర్నాడే ఇరుళప్పన్ తాటాకు పందిరి వేయించాడు. నెలకొకసారి "అమ్మ పక్క తిరగల్ల" అని సోలైమలై చెబితే, ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ కులవ కూతలు పెడుతుంటే మగవాళ్ళు పలకల్ని ఒక్కొక్కటిగా తిరగేసేవారు. విరుదునగర్ నుంచి కూడా జనం రాసాగారు. ఇంత మర్యాదగా ఆరిన చెక్క ఈ భూమ్మీద ఉండదని సోలైమలై లోలోపల ఎగిరి గంతేసేవాడు.

ఏడాది తిరిగింది. పలకను వేలితో తడితే ఖణేల్‌మంది. ఒక్క పగులు లేదు, ఒక్క వంకర లేదు. సంబరంగా పై పలకను ఇంట్లోకి మోసుకుపోబోయాడు.

"అమ్మను ఎత్తుకపోతావా!" అని ఇరుళప్పన్ చెయ్యి పట్టుకున్నాడు. ఊరు కూడింది. ఆ చెక్కతో అమ్మవారికే ఊంజలు చేసి గుడిలో వేయాలని తీర్మానించింది. చేసే భాగ్యం సోలైమలైదే. ఏడవలేక చేశాడు. చేతిలో ఉన్న పనితనమంతా అందులో పెట్టాడు. చెల్లమ్మాళ్ పదిరోజులు అతనికి కాపీ పెట్టలేదు.

బల్లను గుడికి ఎత్తే రోజు డప్పులు మోగాయి. నలుగురు భుజం పెట్టబోతుండగా చెల్లమ్మాళ్ జుట్టు విరబోసుకుని ఊగిపోతూ బయటికొచ్చింది. ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ మొగుడి పేరెత్తని మనిషి.

"ఏమిరా సోలైమలై! ఎన్నేండ్లురా కాచుకోని ఉండల్ల? నాకు గుడి వద్దు! ఈ వసారాలోనే వెయ్యి, తూర్పు మొగాన!"

ఊరంతా నేల మీద సాష్టాంగపడింది. డప్పులు ఆగకముందే గొలుసులు బిగించారు. అమ్మవారు బల్లెక్కి, కాలు కింద తన్ని, హాయిగా ఊగింది.

"పొంగలి ఒద్దు. కాపీ తెమ్మను వాణ్ణి, చక్కెర తక్కువగా!"

అమ్మవారి పలుకులన్నీ ముప్పై ఏళ్ళుగా వంటింట్లోంచి వింటున్నవే కావడంతో, సోలైమలై దేనికీ అర్థం అడగకుండా పాలు పొయ్యి మీద పెట్టాడు.