నేనుంటే రాక్షసుడికి రెట్టింపు బలం

ఆటలో గెలవాలనుకునేవాడికి తోడు అక్కర్లేదు. ఘనంగా ఓడిపోవాలనుకునేవాడికి మాత్రం తోడు తప్పనిసరి! ఈ విద్యలో నన్ను మించినవాడు టాస్మేనియా మొత్తంలో లేడని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

ప్రతి శనివారం మధ్యాహ్నం మాంసం పైలు, అంటే మాంసం కూరి కాల్చిన మా ఊరి కజ్జికాయలు, పట్టుకుని, బర్నీ ఊళ్లో కొండమీదున్న మా మెర్లక్క ఇంటికి పోతాను. ఒకే సోఫాలో కూర్చుని ఇద్దరం వీడియో గేమ్ ఆడతాం. ఆవిడకు డెబ్బై దాటాయి, నాకు దాటబోతున్నాయి. నవ్వకండి. మా ఈడువాళ్లంతా పచ్చికలో బంతులు దొర్లించే లాన్ బౌల్స్ ఆడితే నడుం పట్టేస్తుంది, ఇందులో బొటనవేళ్లు మాత్రమే నొప్పి.

ఈ ఆటకో ధర్మం ఉంది. ఒక్కరే ఆడితే రాక్షసుడికి మామూలు బలం. ఇద్దరొస్తే రెట్టింపు. వచ్చినవాళ్లు ఇద్దరు వీరులని వాడి లెక్క. ఒకటింబావు కూడా కాదని వాడికెవరు చెబుతారు? ఆ రెట్టింపు రాక్షసుణ్ణి అక్క ఒక్కతే కొడుతుంది, నేను పక్కనున్న గోడని కత్తితో నరుకుతుంటాను. నేను పడిపోతే ఆవిడ యుద్ధం మానేసి పరుగెత్తుకొచ్చి నన్ను లేపాలి.

"మళ్లీ పడ్డావా? ఒరే క్లైవూ, వాడింకా గుహలోంచి బయటికే రాలేదు కదరా."

"కాలు జారిందే."

"కదలకుండా పడుండు, వస్తున్నా."

ఇది అక్కకు నేను చేస్తున్న ఉపకారం కాదా? కష్టం లేని ఆటలో రుచేముంది? ఒక్కతే ఆడితే ఆ గుహ చూసి ఆవిడకు భయమేసేది. నాతో ఆడితే భయపడే తీరికేదీ? నన్ను తిట్టడానికే పొద్దు చాలదు. ప్రభుత్వం నాకు పింఛనుతో పాటు ఓ పతకం కూడా ఇవ్వాలి!

ఇంత సేవ చేసేవాణ్ణి, ఆమధ్య ఓ శనివారం కాస్త ముందే వెళ్లాను. తలుపు తీసే ఉంది. అక్క ఒక్కతే ఆడుతోంది. ఆర్నెల్లుగా మా ఇద్దరికీ మట్టి కరిపిస్తున్న రాక్షసుడు నాలుగు దెబ్బలకే కూలిపోయాడు. అక్క ఆవులించింది. నన్ను చూసి గబుక్కున టీవీ కట్టేసింది.

"ఎప్పట్నుంచే ఈ యవ్వారం?"

"చలికాలం నుంచి."

"మరి నాతో ఎందుకు ఓడిపోతున్నావు?"

"నిన్ను మోసుకుంటూ కూడా గెలవగలను లేరా. గెలిచేస్తే ఆట అయిపోదూ? పైలు చల్లారిపోతున్నాయి, ఇలా తే."

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఆ ఆట డబ్బా నేనూ ఒకటి కొనుక్కుని, ఇంటికెళ్లి ఒక్కణ్ణే ఆడాను. రాక్షసుడు సగమే. నేను మాత్రం ఎప్పటిలాగే పడ్డాను. అలవాటు కొద్దీ కదలకుండా పడుండి ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. ఒంటరి ఆటలో ఎవరూ రారట. 'ఆట ముగిసింది' అని రాసి తెర నల్లబడిపోయింది. ఆ సంగతి కంపెనీవాళ్లు డబ్బామీదే రాసి ఏడవచ్చు కదా? నాకు చాలా దిగులేసింది.

మొన్న శనివారం పైలు రెండు ఎక్కువే పట్టుకెళ్లాను. ఆట మొదలవగానే, ఈసారి కావాలనే, పడిపోయాను.

"అప్పుడేనా?" అంది అక్క.

"కాలు జారిందే."

"కదలకుండా పడుండు, వస్తున్నా."