కబురు చేస్తాం

నీటి సరఫరా బోర్డులో ప్రజా సంబంధాల అధికారి పోస్టు ఒకటి ఖాళీగా ఉందనీ, దాన్ని చరిత్రలో ఎన్నడూ లేనంత పారదర్శకంగా భర్తీ చేస్తామనీ మంత్రిగారు పత్రికల వాళ్ల ఎదుట ప్రకటించారు. మంత్రిగారు మాట మీద నిలబడే మనిషి. వారం తిరక్కుండా ఇంటర్వ్యూ గది ఇటుక గోడ కొట్టించి అద్దాల గోడ పెట్టించారు. దరఖాస్తు చేసుకున్న మూడు వందల పన్నెండు మందీ వరండాలో బెంచీల మీద కూర్చుని లోపల జరిగేదంతా కళ్లారా చూడవచ్చు. మాటలు మాత్రం వినపడవు. వినపడ్డం పారదర్శకత కిందికి రాదనీ, దానికి వేరే ఉత్తర్వులు కావాలనీ బోర్డు కార్యదర్శి వివరించారు.

ఆ బెంచీల మీద నూట నలభై ఏడో మనిషి మన సబెడిటరు గారు.

సబెడిటరు గారు ఇరవై రెండేళ్లు ఒక దినపత్రికలో విశేషణాలు కొట్టేసే పని చేశారు. విలేకరి 'భారీ బహిరంగ సభ' అని పంపితే 'భారీ' కొట్టేసేవారు. 'ఘన స్వాగతం' అని వస్తే స్వాగతం ఒక్కటే మిగిలేది. ఒక ఎన్నికలప్పుడు 'ప్రియతమ నేత'లో 'ప్రియతమ' కొట్టేశారని ఆయనకు ప్రమోషన్ ఆగిపోయింది. ఆ సంగతి ఆయన పతకంలా చెప్పుకునేవారు. ఎనిమిది నెలల కిందట యజమాని ఆ పత్రికనే కొట్టేశాడు.

అప్పటి నుంచి ఇల్లు నడుపుతున్నది భార్య. ఆస్పత్రిలో రక్తపరీక్షల ల్యాబులో పని. పొద్దుటి డ్యూటీకి తోడు సాయంత్రం డ్యూటీ కూడా అడిగి వేయించుకుంది. రెండూ నిలబడి చేసేవే. ఇంటికొచ్చి చెప్పులు విప్పితే పాదాల మీద పట్టీల అచ్చులు గంటసేపు అలాగే ఉండేవి. ఆ గంటసేపూ సబెడిటరు గారు పేపరు అడ్డం పెట్టుకునేవారు. మనిషి పేపరు వెనకాల ఎంతసేపు దాక్కోవచ్చో ఆ వృత్తిలో ఉన్నవాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఇంటర్వ్యూలో మంత్రిగారు సూటిగా విషయంలోకి వచ్చారు.

"రెండు రోజులు నీళ్లు రాలేదనుకో. ఏమని రాస్తావ్?"

"రెండు రోజులుగా నీళ్లు రాలేదని రాస్తానండి."

మంత్రిగారు కార్యదర్శి వంక చూశారు. కార్యదర్శి నూట నలభై ఎనిమిదో ఫైలు వంక చూశారు. సబెడిటరు గారికి ఎందుకో భార్య పాదాలు గుర్తొచ్చాయి.

"అంటే సార్... 'గొట్టాలకు రెండు రోజుల విశ్రాంతి, మంత్రిగారి ముందుచూపు' అని శీర్షిక పెడతానండి."

మంత్రిగారు కుర్చీలో ముందుకు జరిగారు. "వచ్చిన నీళ్లు ఎర్రగా ఉంటే?"

"ఇనుముతో కూడిన బలవర్ధక జలం సార్."

"గొట్టమే పగిలితే?"

"వీధివీధికీ జలకళ. అడగకుండానే గుమ్మంలోకి నీరు."

"శభాష్!" అని మంత్రిగారు బల్ల గుద్దారు. అద్దాల గోడ గలగలమంది. వరండాలో వాళ్లు ఏమైందో తెలియక అందరూ లేచి నిలబడ్డారు.

ఇరవై రెండేళ్లుగా కొట్టేసిన విశేషణాలన్నీ తన లోపలే పోగుపడి ఉన్నాయని సబెడిటరు గారికి ఆ పూటే తెలిసింది. సిగ్గేసింది. ఆ సిగ్గులో కాస్త గర్వం కూడా కలిసిందని గమనించి మరికాస్త సిగ్గుపడ్డారు.

"తప్పకుండా కబురు చేస్తాం" అన్నారు కార్యదర్శి.

ఇంట్లో మావగారు గుమ్మంలోనే కాసుకుని ఉన్నారు. ఆయన రిటైరైన హెడ్ క్లర్కు. ముప్పై అయిదేళ్లు ఫైళ్ల మీద బతికినవాడు కాబట్టి ప్రభుత్వ భాషలో ఆయనకు తెలియని మెలిక లేదు.

"ఏమన్నారు అల్లుడుగారూ? ఉన్నదున్నట్టు చెప్పండి."

"తప్పకుండా కబురు చేస్తామన్నారు మావయ్యగారూ."

"'తప్పకుండా' అన్నారా! అదే కొంచెం ఇబ్బంది. మా ఆఫీసులో పని జరిగేట్టుంటే 'చూద్దాం' అనేవాళ్లం. జరగనిదానికే 'తప్పకుండా' అనేవాళ్లం. ఇంతకీ 'చేస్తాం' అన్నారా, 'చేస్తాను' అన్నారా?"

"చేస్తాం."

"అయితే ఎవరూ చెయ్యరు" అని మావగారు వెళ్లి పడక్కుర్చీలో కూర్చున్నారు.

"నాన్నా, నువ్వూరుకో" అంది భార్య. "శభాష్ అన్నారుట కదా. మంత్రి బల్ల గుద్దాడంటే మాటలా?"

ఆ రోజు మొదలు ఫోను సబెడిటరు గారిని వదల్లేదు. స్నానానికి వెళ్తే ప్లాస్టిక్ కవర్లో పెట్టి వెంట తీసుకెళ్లేవారు. రెండు వారాలైనా మోగకపోయేసరికి ఫోనులోనే లోపం ఉందేమోనని అనుమానం పుట్టింది.

"ఒక్కసారి నాకు ఫోన్ చెయ్యి" అన్నారు, డ్యూటీలో ఉన్న భార్యకు ఫోన్ చేసి.

"ఇప్పుడు మీరు చేశారు కదండీ, పని చేస్తున్నట్టేగా."

"పోతోంది. వస్తోందా అని."

ఆమె చేసింది. వచ్చింది. "బాగానే ఉందిగా, ఇంకేం" అని ఆమె అంటుంటే, "పెట్టెయ్ పెట్టెయ్, వాళ్లు చేస్తుంటారేమో" అని ఆయనే పెట్టేశారు.

కబురు రాలేదు గాని ప్రకటనలు మాత్రం క్రమం తప్పకుండా వచ్చాయి. మొదటి వారం పేపర్లో 'నియామక ప్రక్రియ చురుగ్గా కొనసాగుతోంది' అన్నారు మంత్రిగారు. తర్వాతి వారం 'కీలక దశకు చేరింది'. ఆ తర్వాత 'తుది దశలోకి అడుగుపెట్టింది'. అలవాటు కొద్దీ సబెడిటరు గారి చెయ్యి 'చురుగ్గా' మీదికి వెళ్లింది. కాని కొట్టెయ్యలేదు. అది తనకోసం వాడిన మాటలా అనిపించి, దాన్ని వదిలేశారు.

ఆరో వారం మంత్రిగారు మరో అడుగు ముందుకు వేసి, ఎదురుచూస్తున్న అభ్యర్థుల కోసం సహాయ కేంద్రం ప్రారంభించారు. రిబ్బను కత్తిరించి, "మూడు వందల పన్నెండు మంది ఈ రోజు ఆశతో బతుకుతున్నారంటే అది మన ప్రభుత్వం చలవే. మాకు ముందు ఈ పోస్టుకు ఒక్కరైనా ఎదురుచూశారా?" అని అడిగారు. జనం చప్పట్లు కొట్టారు. సబెడిటరు గారు కూడా కొట్టారు. కెమెరా ఇటు తిరిగిందని కాస్త గట్టిగానే కొట్టారు.

టోకెను తీసుకుని వరసలో నిలబడితే కిటికీ దగ్గర గుమస్తా అడిగాడు. "మీ సమస్య ఏమిటండీ?"

"కబురు రాలేదు."

"వస్తే ఇక్కడికెందుకు వస్తారు? పేరు చెప్పండి. ఆఁ, ఉన్నారు. వెయిటింగు."

"నా ముందు ఎంతమంది ఉన్నారండీ?"

"మీ ముందు ఎవరూ లేరు."

సబెడిటరు గారు కిటికీకి ఇంకాస్త దగ్గరికి జరిగారు. "మరి నా వెనక?"

"వెనకా ఎవరూ లేరండీ. అందరూ మీ పక్కనే ఉన్నారు."

ఎనిమిదో వారంలో, ఆయన కూరగాయలు తరుగుతుండగా ఫోను మోగింది. కార్యదర్శి.

"మంత్రిగారు మీ భాష గురించే మాట్లాడుతున్నారండీ. చిన్న పని. ఎంపిక కానివాళ్లకు ఒక ఉత్తరం పంపాలి. చదివినవాళ్లు బాధపడకూడదు, కోర్టుకు వెళ్లకూడదు, మళ్లీ ఓటు మనకే వెయ్యాలి. అలాంటిది మీరైతేనే రాయగలరన్నారు. విషయం మాత్రం చాలా గోప్యం. ఇంట్లో కూడా చెప్పొద్దు."

"సార్, మరి నా..."

"ముందు ఇది కానివ్వండి" అని ఫోను పెట్టేశారు.

సబెడిటరు గారు కత్తిపీట పక్కన పెట్టి లేచి నిలబడ్డారు. గోప్యం గోప్యమే. ఇంట్లో వాళ్లతో "ఆఫీసు పని ఒకటి అప్పజెప్పారు" అని మాత్రం చెప్పారు.

"పని చెప్పారా!" అని మావగారు పడక్కుర్చీలోంచి లేచారు. ఆయన అలా లేవడం ఆ ఇంట్లో అరుదు. "అయితే అయిపోయినట్టే అల్లుడుగారూ. ఉద్యోగమిచ్చి పని చెప్పనివాళ్లను కొల్లలుగా చూశాను. ఉద్యోగమివ్వకుండా పని చెప్పినవాణ్ణి ఇంతవరకు చూళ్లేదు."

భార్య మర్నాడు ఆస్పత్రిలో సాయంత్రం డ్యూటీ వదులుకుంటున్నానని చెప్పేసి, ఎండ ఉండగానే ఇంటికొచ్చింది. కుర్చీలో కూర్చుని, ఎదురుగా స్టూలు లాక్కుని, దాని మీద కాళ్లు చాపుకుంది. సబెడిటరు గారు ఆ రోజు పేపరు అడ్డం పెట్టుకోలేదు.

ఉత్తరం రాయడానికి రెండు రోజులు పట్టింది. తనతోపాటు బెంచీల మీద కూర్చున్న ఆ మూడు వందల పదకొండు మంది మొహాలూ ఒక్కొక్కటే కళ్లముందు కదిలాయి. వాళ్లంటే ఆయనకు నిజంగానే జాలేసింది. గెలిచినవాడి జాలి అది, కొంచెం తీపిగా కూడా ఉంటుంది. "మిమ్మల్ని ఎంచుకోలేకపోవడం మా అశక్తత, మీ లోపం కాదు" అని రాశారు. "మీ పేరు మా దగ్గర భద్రంగా ఉంటుంది. తగిన సమయంలో మేమే మిమ్మల్ని పలకరిస్తాం" అని ముగించారు. చదువుకుంటే కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లలో తాను రాసిన ఒకే ఒక్క మంచి పేరా ఇదేనేమో అనుకున్నారు.

కార్యదర్శి మెచ్చుకున్నారు. "అద్భుతం సార్! ఈ రోజే మూడు వందల పన్నెండు కాపీలు తీయిస్తాం."

"పదకొండు కదా సార్?"

"ఆఫీసు కాపీ ఒకటుండాలి కదండీ" అన్నారు కార్యదర్శి.

నిజమే, ఆఫీసన్నాక కాపీ ఉండాలి. అంత చిన్న విషయం తట్టనందుకు సబెడిటరు గారు తనను తానే తిట్టుకున్నారు.

నాలుగో రోజు మధ్యాహ్నం పోస్టులో ఆ కాపీ వచ్చింది. పైన ఆయన పేరు, ఇంటి నంబరు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. అదే రోజు పేపర్లో మంత్రిగారి ఫొటో కూడా వచ్చింది. ఒకే రోజున మూడు వందల పన్నెండు మందికీ సమాధానాలు పంపి నియామకాల రంగంలో రికార్డు నెలకొల్పారని రాశారు.

మావగారు పేపరూ ఉత్తరమూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. "అందరికీ ఇదే వచ్చిందంటే ఎవరినీ తీసుకోలేదన్నమాట. తీసుకోలేదంటే పోస్టు ఖాళీగానే ఉంది. ఖాళీగా ఉన్న పోస్టు ఎప్పటికైనా నింపాలి. నింపాలంటే మనమున్నాం" అని తేల్చారు. అలా తేల్చాక ఆయన మొహం తేటపడింది.

ల్యాబు నుంచి వచ్చిన భార్య నిలబడే ఉత్తరం చదివింది. రెండోసారి కూర్చుని చదివింది.

"నేనేదో రెండు ముక్కల్లో పొమ్మంటారనుకున్నానండీ. ఎంత మర్యాదగా రాశారో చూడండి. మీ లోపం కాదట. రాసినాయన ఎవరో గాని, మనసున్న మనిషి."

సబెడిటరు గారు కిటికీలోంచి ఎదురింటి గోడ చూస్తున్నారు.

"ఏమండీ, మా సూపర్‌వైజరు సాయంత్రం డ్యూటీ సంగతి ఇవాళే తేల్చి చెప్పమంది. లేకపోతే కొత్తగా చేరినామెకు రాసేస్తుందట. మళ్లీ నాకే వెయ్యమననా? లేకపోతే... తగిన సమయంలో వాళ్లే పలకరిస్తామన్నారు కదా, ఆగుదామా?"

'తగిన సమయంలో' అన్న మాట అక్కడ ఎందుకుందో లోకంలో ఒక్క మనిషికే తెలుసు. పేరాలో ఆఖరి లైను మరీ పొట్టిగా పడి, చూడ్డానికి బాగాలేదని వేసిన మాట అది.

సబెడిటరు గారు ఉత్తరం చేతిలోకి తీసుకుని మొదటి నుంచి చివరిదాకా నెమ్మదిగా చదివారు. చదువుతుంటే ఎవరో వచ్చి భుజం మీద చెయ్యి వేసినట్టుంది.

"ఊరికే అనరు కదా" అన్నారు. "కొన్నాళ్లు చూద్దాం."