వందన సమర్పణకు ముందు పది నిమిషాలు

మహిళా టెక్ వేదిక పిలిచిన అతిథి వక్త కోదండపాణి గారి ప్రసంగం ఆ సోమవారంతో వెయ్యీ నూట అరవై రెండో రోజుకు చేరింది. కార్యక్రమ పత్రంలో దానికి కేటాయించిన సమయం ఇరవై నిమిషాలు. మూడేళ్ల కిందట మహిళా దినోత్సవం నాడు పొద్దున పదకొండింటికి ఆయన మైకు అందుకుని, "సమయం తక్కువ ఉంది కాబట్టి రెండు ముక్కల్లో ముగిస్తాను" అన్నారు. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆరో అంతస్తు హాల్లో ఇప్పటికీ మాట్లాడుతూనే ఉన్నారు.

ఆయన అన్నం తింటూ మాట్లాడతారు. నిద్రపోతూ మాట్లాడతారు. నిద్రలో గొంతు తగ్గుతుంది గాని వాక్యం తెగదు. ప్రసంగం పేరు 'ఐటీ రంగంలో మహిళలు: అవకాశాలు'. మొదటి పదకొండు నెలలు వాళ్లమ్మ గురించి చెప్పారు. తర్వాతి ఏడాది వాళ్లావిడ కాఫీ కలిపే పద్ధతి గురించి, దాన్నుంచి ప్రాజెక్టులు నడపడం ఎలా నేర్చుకోవచ్చో దాని గురించి చెప్పారు. ఆ తర్వాత సహనంలోకి వచ్చారు. ఐటీ ఇంకా రాలేదు. వస్తుందని నిర్వాహకుల అంచనా.

వక్త మాట్లాడుతుండగా లేచి వెళ్లిపోతే పిలిచినవాళ్ల పరువు పోతుంది కనుక, వందన సమర్పణ అయ్యేదాకా సభ్యులు లేవకూడదని, కంపెనీ ఆడ ఉద్యోగుల సంఘమైన ఈ వేదిక నియమావళిలో ఉంది. మొదటి నెల తర్వాత దాన్ని సవరించారు. హాల్లో ఏ సమయంలోనైనా నలభై మంది ఉంటే చాలు. షిఫ్టుల పట్టిక వేశారు. అడ్మిన్ విభాగం ప్రతి కుర్చీకీ ప్లగ్ పాయింటు పెట్టించింది. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఎవరి పని వాళ్లు చేసుకుంటారు. పావుగంటకోసారి బెల్లు మోగుతుంది. అప్పుడు చప్పట్లు కొడతారు. హెచ్‌ఆర్ విభాగం ఒక్కో రోజును ఒక్కో కార్యక్రమంగా లెక్కిస్తుంది. మహిళల కోసం అత్యధిక కార్యక్రమాలు నిర్వహించిన సంస్థగా కంపెనీకి మూడేళ్లూ అవార్డు వచ్చింది. మూడు ఫలకాలూ లిఫ్టు పక్కన గోడకు ఉన్నాయి.

షిఫ్టుల పట్టిక వర్తించని సభ్యురాలు నాగసుధ ఒక్కతే. కార్యక్రమ పత్రంలో అతిథి ప్రసంగం కింద వరుసలో ఆమె పేరు ఉంది. 'సభ్యురాలి అనుభవం, పది నిమిషాలు.' దాని కింద వందన సమర్పణ, రెండు నిమిషాలు. ప్రసంగం ఏ క్షణాన్నయినా ముగియవచ్చు కనుక ఆమె పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా మూడో వరుస చివరి కుర్చీలో సిద్ధంగా ఉండాలి. ఉంటోంది.

నాగసుధ టెస్టరు. ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకోవడం ఆమె ఉద్యోగం. కంపెనీ కొన్ని ఆసుపత్రులకు అపాయింట్‌మెంట్లు ఇచ్చే సాఫ్ట్‌వేర్ తయారు చేసింది. అందులో ఆడవాళ్ల వివరాల దగ్గర 'భర్త పేరు' అని ఒక గడి ఉంది. ఆ గడి ఖాళీగా వదిలితే 'మీ వంతు వస్తుంది' అని ఫోనుకు సందేశం వెళుతుంది. దరఖాస్తు ఒక జాబితాలోకి వెళుతుంది. ఆ జాబితాను తెరిచే బటన్ ఆసుపత్రిలో ఎవరి స్క్రీన్ మీదా లేదు. మూడేళ్ల కిందట మహిళా దినోత్సవానికి వారం ముందు నాగసుధ ఈ సంగతి పట్టుకుంది. అప్పటికి జాబితాలో మూడు వందల పన్నెండు మంది ఆడవాళ్లున్నారు. ఒక్క లైను కోడు మారిస్తే సరిపోతుంది. దానికి మేనేజరు సంతకం కావాలి.

"ఇది ఆడవాళ్ల సమస్య కదమ్మా. నా అంతట నేను సంతకం పెడితే ఏం బావుంటుంది? మీ వేదికలో మాట్లాడండి. మినిట్స్ బుక్కులో ఎక్కిందంటే ఆ నిమిషమే సంతకం పెడతా" అన్నాడు మేనేజరు.

అందుకే ఆమె పది నిమిషాలు అడిగింది. వెంటనే ఇచ్చారు.

రోజూ పొద్దున ఆమె జాబితాలోని సంఖ్య చూసి, కార్యక్రమ పత్రం వెనక పెన్సిల్‌తో రాసుకుంటుంది. ఆ సోమవారం అరవై ఒక్క వేల నాలుగు వందల ఎనభై. అందులో ఒక పేరు ఆమెదే. మెడ మీద గడ్డకు స్కాన్ చేయించమని డాక్టరు రాసిచ్చి పదహారు నెలలయింది. అంతకు ముందే విడాకులయ్యాయి. గడి ఖాళీగా వదిలింది. వంతు వస్తుందని సందేశం వచ్చింది.

పక్క కుర్చీ షాహీన్‌ది. కోడు రాస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ కూడా ఆమె టీముదే.

"ఏదో ఒక పేరు కొట్టరాదే అక్కా. నేను మా మేనమామ పేరు కొట్టిన. తెల్లారి పిలిచిన్రు" అంది షాహీన్, స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండా.

"మేనమామ నీకు మొగుడెప్పుడయ్యాడే?"

"కంప్యూటర్ల అయిండు. ఇంట్ల ఇంకా తెల్వదు."

"లేని మనిషిని ఎలా రాస్తాను? ఖాళీ గడి తప్పు కాదు. తప్పు సాఫ్ట్‌వేర్‌ది. నేనే తప్పుడు డేటా ఎక్కిస్తే ఇంక నేను టెస్టింగ్ చేయడం ఎందుకు?"

"టెస్టింగ్ సంగతి ఎవరడిగిన్రు? మెడ చూపించుకోమంటున్న."

బెల్లు మోగింది. ఇద్దరూ చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నం వేదిక కార్యదర్శి జ్యోత్స్న వంగి వంగి వరుసల మధ్య నడుస్తూ వచ్చి నాగసుధ పక్కన కూర్చుంది. శుక్రవారంతో కోదండపాణి గారికి అరవై నిండుతాయని, వాళ్ల కంపెనీ ఆయన్ని వైస్ ప్రెసిడెంట్ పదవి నుంచి రిటైర్ చేస్తోందని చెప్పింది. పదవిలో లేనివాళ్లు అతిథి వక్తలుగా ఉండరాదు.

నాగసుధ పత్రం తీసింది. "అంటే ప్రసంగం అయిపోతోందా మేడమ్?"

"అయిపోవడమేంటి? చేతులు మారుతోంది. ఆ పదవిలోకి ఉదయభాస్కర్ గారని వస్తున్నారు. ఈయన ఆపిన చోటునుంచి ఆయన అందుకుంటారు."

"మరి నా పది నిమిషాలు?"

"ఎక్కడికి పోతాయి నాగసుధా? పత్రంలో ఉన్నాయిగా. నీతో వేరే పనుంది. కొత్తాయనకి కేటీ ఇవ్వాలి."

పని వదిలి వెళ్లేవాళ్లు వచ్చేవాళ్లకు అంతా అప్పజెప్పి నేర్పడాన్ని ఆఫీసుల్లో కేటీ అంటారు. కోదండపాణి గారే ఇవ్వాలి గాని ఆయన ప్రసంగంలో ఉన్నారు. మొదటి రోజునుంచీ విన్నది నాగసుధ.

"ఇస్తాను. ఆయన దిగాక ఈయన ఎక్కేలోపు మైకు ఖాళీగా ఉంటుంది కదా. అప్పుడు నన్ను మాట్లాడనివ్వండి" అంది నాగసుధ.

జ్యోత్స్న కాసేపు లెక్క వేసుకుంది. చేతులు మారడానికి మొత్తం ఇరవై నిమిషాలు. అందులో శాలువాకు మూడు, మెమెంటోకు రెండు, ఫొటోలకు అయిదు, కొత్తాయన ఎక్కడానికి ఒకటి. "సరే. తొమ్మిది నిమిషాలు వస్తాయి" అంది.

నాగసుధ రెండు రోజులు కూర్చుని కేటీ పత్రం రాసింది. మూడేళ్ల ప్రసంగం ఒకటిన్నర పేజీ వచ్చింది. అందులో అర పేజీ కాఫీ. బుధవారం ఉదయభాస్కర్ గారు వచ్చి, నిలబడే చదివారు.

"నవ్వాల్సిన చోట్లు గుర్తు పెట్టలేదేంటండీ?"

ఆమె గుర్తులు పెట్టి ఇచ్చింది.

"మీరేం చేస్తుంటారు?"

"టెస్టింగ్ అండి."

"బావుంది. ఆడవాళ్లకి ఓపికెక్కువ."

ఆ ముక్క పత్రం మొదటి పేజీలోనే ఉంది. ఆయనకది నేర్పాల్సిన అవసరం లేదని నాగసుధ దాని పక్కన టిక్కు పెట్టింది.

శుక్రవారం పదకొండింటికి కోదండపాణి గారు "కాబట్టి మహిళ అంటే" అన్నారు. అక్కడ మైకు ఆపేశారు. హాల్లో చప్పుడు లేదు. ప్రసంగం రెండో ఏట ఉద్యోగంలో చేరిన అమ్మాయి ఒకతె ఏసీ ఆగిపోయిందేమోనని పైకి చూసింది. శాలువా కప్పారు. మెమెంటో ఇచ్చారు. ఫొటోలకు అందరూ ఆయన చుట్టూ చేరారు. ఆయన దిగి వెళుతూ మెట్ల దగ్గర కూడా పెదవులు కదుపుతున్నారు.

పదకొండూ పదికి నాగసుధ మైకు అందుకుంది. గడి గురించి చెప్పింది. జాబితా గురించి చెప్పింది. పత్రం తిప్పి, మూడు వందల పన్నెండు నుంచి ఆ రోజు సంఖ్య దాకా చదివింది. ఏ లైను మార్చాలో చెప్పింది. అమ్మా, కాఫీ, సహనం ఏవీ రాలేదు. వేరే మీటింగుల కోసం ల్యాప్‌టాప్‌లు తెరిచి ఉన్నవాళ్లు మూసి విన్నారు. నాలుగో వరుసలో ఒకావిడ లేచి, "మా అక్కకి రెండేళ్లుగా 'మీ వంతు వస్తుంది' అనే వస్తోంది. అది ఇదేనా?" అని అడిగింది.

"ఇదేనండి" అంది నాగసుధ.

వేదిక చరిత్రలో శ్రోతలు ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

"సంతకం పడితే గంటలోపల కోడు ఎక్కిస్తా" అంది షాహీన్ తన కుర్చీలోంచే. తలుపు దగ్గర నిలబడి విన్న మేనేజరు జేబులోంచి పెన్ను తీశాడు. ఇచ్చిన మాట మీద ఉండే మనిషి. మినిట్స్ బుక్కు తెమ్మన్నాడు.

జ్యోత్స్న బుక్కులో రాయడానికి కూర్చుంది. కార్యక్రమ పత్రంలో ఉన్న అంశాలకు మాత్రమే అందులో గళ్లున్నాయి. అతిథి ప్రసంగం ముగియలేదు, చేతులు మాత్రమే మారింది. అది ముగియకుండా సభ్యురాలి అనుభవం గడిలో ఏదీ రాయకూడదు. ఒక అంశం మధ్యలో వచ్చిన ఖాళీకి బుక్కులో ఒకటే గడి ఉంది. దాన్ని నింపింది. '11.10 నుంచి 11.19 వరకు టీ విరామం. సభ్యులు ఉత్సాహంగా పాల్గొన్నారు.'

మేనేజరు రెండుసార్లు చదివాడు. పెన్నుకు మూత పెట్టాడు.

"టీ విరామం మీద సంతకం ఎలా పెట్టనమ్మా? ఆడిట్ వాళ్లు అడగరూ?"

"నేను చెప్పింది మీరు విన్నారు కదా సార్" అంది నాగసుధ.

"విన్నాను. చక్కగా చెప్పారు. ఎక్కాలి కదా మరి."

జ్యోత్స్న ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "నీ పది నిమిషాలు నీకలాగే ఉన్నాయి నాగసుధా. ఒక్క నిమిషం కూడా ఖర్చు కాలేదు. సార్ అవగానే నువ్వే."

ఉదయభాస్కర్ గారు మైకు అందుకున్నారు. "సమయం తక్కువ ఉంది కాబట్టి రెండు ముక్కల్లో ముగిస్తాను" అన్నారు. తర్వాత, "కాబట్టి మహిళ అంటే సహనం" అని ఆగిన వాక్యం పూర్తి చేశారు. ఇందాక టీ వేళలో ఒక సోదరి మూడేళ్లు కాచుకుని కూర్చున్న సంగతి తనకు తెలిసిందని, సహనానికి అంతకన్నా ఉదాహరణ అక్కర్లేదని చెప్పారు. గుర్తు పెట్టిన చోట ఆగారు. అందరూ నవ్వారు.

నాగసుధ తన కుర్చీలో కూర్చుంది.

"ఈయనకెన్నేళ్లు అక్కా?" అని షాహీన్ అడిగింది.

"నలభై నాలుగు. కేటీ ఫారంలో రాశారు."

షాహీన్ వేళ్ల మీద లెక్క పెట్టింది. పదహారు దగ్గర ఆపి, చెయ్యి ఒళ్లో పెట్టుకుంది.

నాగసుధ మెడ మీద చెయ్యి పెట్టి చూసుకుంది. ఫోను తీసి ఆసుపత్రి అపాయింట్‌మెంటు పేజీ తెరిచింది. పేరు, వయసు, డాక్టరు రాసిచ్చిన తేదీ అలాగే ఉన్నాయి. భర్త పేరు గడి దగ్గర కాసేపు ఆగింది. తలెత్తి మైకు వైపు చూసింది. 'ఉదయభాస్కర్' అని కొట్టింది. నాలుగు సెకన్లలో సందేశం వచ్చింది. స్కాన్ మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకు, ఖాళీ కడుపుతో రావాలి.

నాలుగో వరుస ఆవిడ ముందుకు వంగి, "ఏ పేరు కొట్టారండీ?" అని అడిగింది.

నాగసుధ గడ్డంతో మైకు వైపు చూపించింది.

ఆవిడ వాళ్లక్క కోసం కొట్టింది. ఆవిడ పక్కనావిడ పిన్ని కోసం కొట్టింది. వెనక వరుసల్లోంచి పేరు చివర గారు కూడా పెట్టాలా అని ఎవరో అడిగారు. అక్కర్లేదని ముందునుంచి జవాబు వెళ్లింది. మధ్యాహ్నం భోజనాల వేళకు జాబితాలో ముప్పై తొమ్మిది పేర్లు తగ్గాయి. ఆసుపత్రుల రికార్డుల్లో ఉదయభాస్కర్ గారికి ముప్పై తొమ్మిది మంది భార్యలు నమోదయ్యారు. వాళ్లలో పెద్దావిడ వయసు డెబ్బై ఒకటి. సాఫ్ట్‌వేర్ దేనికీ అభ్యంతరం చెప్పలేదు.

నాగసుధ టెస్టరు కాబట్టి అది కూడా గమనించింది. కార్యక్రమ పత్రం వెనక, అంకెల కింద, రెండో అంశంగా రాసుకుంది. పది నిమిషాలు సరిపోకపోవచ్చు, పన్నెండు అడగాలి అనుకుంది.

బెల్లు మోగింది. పెన్సిల్ పక్కన పెట్టి చప్పట్లు కొట్టింది.